మూల చినిగిన కార్డు

మా చిన్నప్పుడు... పాఠం చదవడం అయిపోయిందంటే చాలు, మా సారు పుస్తకాలు మూయించి ఒక్కొక్కరినీ లేపేవాడు. కొల్లాపూర్ పక్కన చిన్న ఊరు మాది. బడి అంటే ఒక్క గది, ఒక్క సారు. నాలుగో తరగతిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే.

ఒకరోజు పాఠంలో ఒక రైతు తలగుడ్డ పిండుకుంటూ ఇంట్లోకి వస్తాడు. సారు నన్ను లేపాడు.

"బయట ఏమైతాంది?"

"వాన పడ్తాంది సారూ."

"వాన అని పుస్తకంల యాడుంది? నీకెట్ల ఎర్క?"

"తలగుడ్డ పిండిండు గద సారూ..."

"చెమటేమో? ఇంకో గుర్తు చూపియ్యి."

మళ్లీ పుస్తకం తెరిచి వెతికాను. మేకలు చూరు కిందికి చేరాయని రెండు వరుసల కింద రాసి ఉంది! చూపిస్తే సారు మీసాల్లోనే నవ్వాడు. "ఆఁ... గిట్ల రెండు గుర్తులు దొరికినంకనే మాట అనాలె" అన్నాడు.

ఏం చెప్పినా "ఎట్ల ఎర్క?" అనడమే. చాటుగా మేం ఆయనకు 'ఎట్లెర్క సారు' అని పేరు పెట్టుకున్నాం. ఆ సంగతి ఆయనకూ తెలుసనుకోండి!

ఆ ఎండాకాలం... మా పక్కింటి బాలమ్మ చిన్నమ్మ పెనిమిటి నర్సయ్య, డ్యాం కట్టే పనికి పోయి నాలుగు నెలలైంది. చిన్నాయనకు చదువు రాదు. అక్కడ మేస్త్రీతో పోస్టుకార్డు రాయించేవాడు, ఇక్కడ నేను చదివి పెట్టేదాన్ని. చదివినందుకు నాకు పిడికెడు పల్లీలు ముట్టేవి.

ఒకరోజు ఒంటిపూట బడి నుంచి వచ్చేసరికి వాళ్లింట్లో ఒకటే ఏడుపు. ఉరికాను. టపా మనిషి వాకిట తడికలో దోపి పోయిన కార్డు... మూల చినిగి ఉంది! ఆ రోజుల్లో మూల చినిగిన కార్డంటే చావు కబురే. అక్షరం రానివాళ్లకు కూడా తెలియాలని అలా చింపి పంపేవారు. ఇంకేముంది, చదవకముందే ఇల్లంతా గొల్లుమంది. బాలమ్మ చిన్నమ్మ చేతులు దర్వాజకేసి కొట్టుకుంటోంది. అప్పటికే రెండు గాజులు పగిలాయి. వాళ్ల అత్త లచ్చవ్వ, "కొడకా..." అంటూ ఆ కార్డును పొయ్యిలో వేయబోతోంది. అలాంటి కార్డు ఇంట్లో ఉంచకూడదు మరి.

లాక్కున్నాను. గబగబా చదివాను. 'అందరం మంచిగున్నం. ఎవరన్న ఇటు వస్తే మామిడికాయ తొక్కు పంపుమని నర్సయ్య చెప్పమన్నడు...'

"అవ్వా! చిన్నాయిన తొక్కు అడుగుతుండు! మంచిగనే ఉన్నడు!"

"అడిగే ఉంటడు బిడ్డా..." అంది లచ్చవ్వ. "రాసినంక పాణం పోయిందేమో. గందుకే మూల చింపి పంపిండ్రు."

అదీ నిజమే కదా! నా దగ్గర ఒక్క గుర్తే ఉంది. కార్డును ఇటూ అటూ తిప్పాను. చినిగిన అంచు వేలికి తగిలింది... తడిగా ఉంది. చినుకు లేని ఎండాకాలంలో తడి ఎక్కడిది? తలెత్తి చూస్తే తడిక పక్కనే కట్టేసిన మేకపిల్ల... ఏమీ ఎరగనట్టు నములుతోంది!

"గది కొరికింది అవ్వా! అంచు తడిగుంది, ముట్టి సూడు!"

లచ్చవ్వ ముట్టి చూసింది. పోయి మేకపిల్ల దవడలు పట్టి తెరిచింది. నాలుక మీద కార్డు ముక్క! "నీ పాడుగాను! నా కొడుకును సంపితివి గదనే!" అని దాని వీపు మీద ఒక్కటి వేసి, మళ్లీ దాన్నే కావలించుకుని ఏడ్చింది. బాలమ్మ చిన్నమ్మ ఏడవలేదు, నవ్వలేదు. మిగిలిన గాజుల మీద కొంగు కప్పుకుని కూర్చుండిపోయింది.

తెల్లారి సారుకు గొప్పగా చెప్పాను. మెచ్చుకుంటాడనుకుంటే, "ఎట్ల ఎర్క?" అన్నాడు! తొక్కు సంగతి, తడి అంచు సంగతి రెండూ చెప్పాను. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇగ నిన్ను అడిగే పని లేదు బిడ్డా" అన్నాడు చివరికి. మర్నాడు మళ్లీ అడిగాడు, అది వేరే సంగతి.

పైకి గొప్పలు పోయాను గానీ, నా మాట తప్పయితే ఎట్లా అని లోపల ఒకటే భయం. పది రోజులకు చిన్నాయన ముల్లె భుజాన వేసుకుని వాడలోకి వస్తుంటే, అందరికంటే ముందు నేనే ఉరికాను. ఆ పూట సగం జాడీ తొక్కు పచ్చడి ఆయనే తిన్నాడు.

అప్పటి నుంచి గాజులామె మా వాడకు ఎప్పుడొచ్చినా బాలమ్మ చిన్నమ్మ నన్నే కేకేసేది. "ముందుగాల గీ పిల్లకెయ్యి. నా చేతులకు తర్వాత" అనేది. నా పెళ్లయ్యేదాకా అంతే.

ఇప్పుడు కార్డులు లేవు. పొద్దున లేస్తే ఫోన్ నిండా కబుర్లే... మూల చూసి ఏడ్చేవాళ్లం, మూల చూసి కొట్లాడేవాళ్లం బాగా ఎక్కువయ్యాం. నిన్న మా మనవరాలు ఫోన్ పట్టుకొచ్చి, "ఎంత ఘోరమో చూడు అమ్మమ్మా" అంది. "నీకెట్ల ఎర్క?" అన్నాను. ఒక్క నిమిషం ఆగి, మళ్లీ మొదటి నుంచి చదువుకుంది. నా కడుపు నిండింది.

మిమ్మల్ని అలా ఆపి అడిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే నాకూ చెప్పండి... రెండు గుర్తులతో సహా!