తేలని వేపనూనె

రావమ్మకు తేలే నూనె మీదే నమ్మకం. వేపనూనెలో నీళ్లు పోసి గిలక్కొట్టి సీసాను ప్రహరీ గోడ మీద పెట్టేస్తుంది. సాయంత్రానికి నూనె పైకి తేలితే అది అసలైనది. తేలలేదంటే ఎవడో ఏదో కలిపాడన్నమాట.

కూచిపూడి దగ్గరున్న ఆమె తమలపాకు తోటలోకి ఎంతటివాళ్లయినా చెప్పులు విప్పే రావాలి. తీగను అంత పవిత్రంగా చూసుకునే మనిషిని కూడా ఒకసారి ఓ వ్యాపారి కల్తీ వేపనూనె అంటగట్టి మోసం చేశాడు. నూనె నీళ్లలో ఎంత చక్కగా కలిసిపోయిందోనని మురిసిపోయి తోటంతా పిచికారీ చేసింది. ఆ ఆకు వేసుకున్న భర్త రత్తయ్యకు నోరంతా పొక్కి, వారం పాటు గంజే గతి అయింది. విజయవాడ వన్ టౌన్ షావుకారు ఆకు కట్టలన్నీ తిప్పి పంపాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. అప్పటినుంచి కలిసిపోయే నూనె అంటే ఆమెకు ఒళ్లు మంట.

ఈ సంవత్సరం తీగలకు పొలుసు పురుగు పట్టింది. వట్టి వేపనూనె ఆకు మీద నిలవడం లేదు, సబ్బు కలిపితే లేతాకు మాడిపోతోంది. తోట చేయి జారిపోయేలా ఉంది. అలాంటప్పుడు తమ్ముడి కూతురు ఉషశ్రీ పాలలాంటి మందు సీసాతో దిగింది. ఆ పిల్ల విజయవాడలో ఒక కాలేజీ ల్యాబులో పనిచేస్తుంది. ఇందులో వేపనూనె, నీళ్లు, ఊక బూడిద తప్ప ఇంకేం లేవంది. రావమ్మ సీసాను గోడ మీద పెట్టింది. మర్నాటికి కూడా నూనె తేలలేదు. కన్నకూతురిలా చూసుకున్న పిల్ల కూడా ఇంత పని చేసిందా అని ఆమె మనసు చివుక్కుమంది.

రావమ్మ సొంత నూనె, సొంత పొయ్యిలోని ఊక బూడిద సంచిలో పెట్టుకుని బస్సెక్కి ల్యాబుకే పోయింది. తన కళ్లముందు చెయ్యమంది. ఉషశ్రీ బూడిదను మెత్తగా నూరి, నూనె నీళ్లలో వేసి, ఓ ఉక్కు కడ్డీని ముంచి మిషను ఆన్ చేసింది. చెవికి అందని శబ్దం నూనెను సన్నని బొట్లుగా విరగ్గొడుతుందట. బూడిద రేణువులు ఒక్కో బొట్టు చుట్టూ అంటుకుని, వాటిని మళ్లీ కలవనివ్వవట. చెవికి అందని శబ్దమంటూనే ఆ కడ్డీ చెవులు చిల్లులు పడేలా కీచుమనడం రావమ్మ గమనించకపోలేదు.

అంతా కలిసి మజ్జిగలా అయింది. ఆమె అక్కడే కూర్చుని సీసాను కనిపెట్టుకుని ఉంది. మధ్యాహ్నానికి నూనె పైకి తేలింది.

"మరి నీ సీసాలో తేల్లేదేంటే? ఏం కలిపావు?"

ఉషశ్రీ తల దించుకుంది. వట్టి బూడిద నూనెను పట్టుకోదని, అందుకే కొబ్బరినూనె నుంచి తీసిన యాసిడ్ కాస్త దానికి పట్టించానని ఒప్పుకుంది. "తినేదేలే అత్తా. యాసిడ్ అంటే నువ్వు సీసా ముట్టుకోవని చెప్పలేదు."

"చెప్పకుండా దాచావు చూడు, అందుకు ముట్టుకోను."

అంది కానీ, పురుగు ఆమె కోపం తగ్గేదాకా ఆగదు కదా. తిరిగొచ్చాక మూలనున్న ఒక్క తీగకు ఉషశ్రీ ఇచ్చిన సీసాలో మందే కొట్టింది. పురుగు రాలిపోయింది, ఆకు మాడలేదు. కబురు తెలిసి ఉషశ్రీ వచ్చింది. గట్టున చెప్పులు విప్పి, ఆ తీగ నుంచి ఆకు తుంచి నోట్లో పెట్టుకోబోయింది. రావమ్మ చటుక్కున ఆ చెయ్యి పట్టుకుంది. ఆకు లాక్కుని తన నోట్లో వేసుకుంది.

"నీ నోరు పొక్కితే మా తమ్ముడికి ఏం చెప్పనే?"

చాలాసేపు నమిలింది. నోరు మండలేదు. ఇంకా దాచినవేమైనా ఉన్నాయా అని అడిగింది. లేవని ఉషశ్రీ తల అడ్డంగా ఊపింది. అప్పుడు రావమ్మ రెండో ఆకు తుంచి, తుడిచి, మేనకోడలి చేతిలో పెట్టింది.