అమ్మ కార్డు, నాన్న ఫోను

డెబ్బై రెండేళ్ల మా అమ్మకు గుండెలో రక్తనాళం మూసుకుపోయిందని, స్టెంట్ వేయాలని, ఆలస్యం చేయొద్దని డాక్టరు చెప్పాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో రెండు జబ్బులు. ఒకటి అమ్మ గుండెది, రెండోది నాన్న పరువుది.

నరసరావుపేట బజారులో నాన్నది పప్పుల కొట్టు. ఆదాయపన్ను కడతాడు కాబట్టి రాష్ట్రం ఇచ్చే ఆరోగ్య కార్డు అప్పటికి మాకు రాలేదు. ప్రైవేటు బీమావాళ్లు అమ్మ వయసు, జబ్బు వినగానే మొహం చాటేశారు. డెబ్బై దాటినవాళ్లకు కేంద్రం ఇచ్చే కార్డు ఒకటుందని, దానికి ఆదాయంతో పని లేదని, ఉన్న జబ్బుకూ వర్తిస్తుందని తెలిసినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. అయినా ఊరికే నమ్మలేదు. ఆసుపత్రికి వెళ్లి, ఈ కార్డు తీసుకుంటారా, స్టెంట్‌కి చెల్లుతుందా అని గుచ్చి గుచ్చి అడిగాను. రెండింటికీ అవునన్నారు.

నాన్న మాత్రం ఎగిరిపడ్డాడు. "సర్కారు కార్డు కోసం నా పెళ్లాం లైన్లో నిలబడిందంటే బజారు ఏమనుకుంటది? కొట్టు దివాలా తీసిందనుకోరూ? అప్పు చేసైనా నేనే చేయిస్తా."

"అప్పు చేస్తే పోని పరువు కార్డు తీసుకుంటే పోతుందా?" అన్నాను. కొట్టు తాళాలు తీసుకుని బయటికి నడిచాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మనడిగితే, "పదవే, పోదాం" అంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే మనిషి, నాకంటే ముందు చెప్పులేసుకుంది.

మా వార్డు సచివాలయంలో వివరాలు ఎక్కించిన అమ్మాయి "ఓటీపీ చెప్పండి" అంది. అమ్మ ఆధార్‌కున్న నంబరు నాన్నది. ఆ ఫోను కొట్లో, ఆయన జేబులో ఉంది. చెవుడు వల్ల స్పీకర్ పెడితేగానీ ఆయనకు వినపడదు. నేనేమడిగినా కొట్లో ఉన్నవాళ్లందరూ వింటారు.

ఫోన్ చేశాను. "బేరంలో ఉన్నా" అని పెట్టేశాడు. ఓటీపీ గడువు దాటిపోయింది. ఆ అమ్మాయి చేత మళ్లీ పంపించి, మళ్లీ చేశాను. "నాన్నా, అమ్మ గుండె కార్డుకి ఓటీపీ వచ్చింది. చదువు" అన్నాను, గట్టిగానే.

కాటాలో గింజలు పోస్తున్న చప్పుడు ఆగింది. తర్వాత ఒక్కో అంకె బిగ్గరగా చదివాడు.

"ఏంది బాబాయ్, ఏం కార్డు?" కొట్టుకెదురుగా బైకులు బాగుచేసే మెకానిక్ గొంతు అది.

"మీ పిన్నికి గుండె బాగాలేదురా. చానా రోజుల్నించి. సర్కారు కార్డు తీస్తన్నాం. డెబ్బై దాటితే అందరికీ ఇస్తారంట, మీ నాయనకీ తీయించు."

నాన్న ఫోను ఇంకా పెట్టేయలేదు, నా ఫోనూ స్పీకర్లోనే ఉంది. అమ్మ అంతా విని కొంగుతో కళ్లొత్తుకుంది. "ఈ మనిషి బజార్లో నా ఊసెత్తటం ఇదే మొదలే" అంది.

అమ్మను ఆసుపత్రిలో చేర్చిన రోజు కౌంటరు ముందు చాంతాడంత లైను ఉంది. నేను నిలబడతానంటే నాన్న ఒప్పుకోలేదు. చొక్కా జేబులోంచి అమ్మ కార్డు తీసి చేత్తో పట్టుకుని, అందరికీ కనపడేలా ఆ లైన్లో తనే నిలబడ్డాడు.