పదకొండు ఎర్ర సున్నాలు

నా చిన్నప్పుడు కోటబొమ్మాళిలో మా ఇంటికి ఇంగ్లీషు పేపరు ఒక రోజు ఆలస్యంగా, అప్పటికే ఒకరు చదివేశాక వచ్చేది. రైల్లో దిగిన పేపరు ముందు స్టేషన్ మాస్టరు గారింటికి, మర్నాడు మా తాతయ్య దగ్గరికి, ఆ తర్వాత ఆసుపత్రి డాక్టరు గారికి. అంచేత దాని మీద గీతలు పెట్టడానికి లేదు. మా తాతయ్య, అంటే అమ్మ తండ్రి, రైల్వేలో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. ఇంగ్లీషు వాక్యంలో క్రియ కాలం తప్పితే ఆయనకి అన్నంలో రాయి తగిలినట్టుండేది. నిన్న వచ్చి వెళ్లిపోయిన మంత్రిగారి గురించి ‘కేమ్’ అనాల్సిన చోట ‘హాజ్ కమ్’ అని అచ్చేశారంటే, ఆ మాట కింద గుండుసూదితో చిన్న చిల్లు పొడిచేవారు. పేపరు కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంటే తప్ప అది ఎవరికీ కనబడదు.

మా నాన్నది బదిలీల ఉద్యోగం. చదువు పాడవకుండా నన్ను తాతయ్య దగ్గర ఉంచారు. ఆయన నాకు ఇంగ్లీషు నేర్పింది ఆ పేపరుతోనే. ఒక తప్పు పట్టుకుంటే ఒక జీడిపప్పు ఇచ్చేవారు. పన్నెండేళ్లు వచ్చేసరికి నాకు బాగా కళ్లు నెత్తికెక్కాయి. పేపరు రాసేవాళ్ల కంటే నాకే ఎక్కువ వచ్చనుకునేదాన్ని. నిజం చెప్పాలంటే, ఏ ఊళ్లో వరదొచ్చిందో, ఎవరు పోయారో నాకు పట్టేది కాదు. నా చూపు క్రియ దగ్గర ఆగి, తప్పుంటే సంబరపడి, లేకపోతే విసుక్కుని ముందుకు పోయేది.

ఆ ఏడు మా హైస్కూలుకి కొత్త ఇంగ్లీషు మాస్టారు వచ్చారు. పాతపట్నం అవతల ఏదో చిన్న ఊరి రైతుబిడ్డ. వాళ్ల ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషి ఆయనే. వేసవి సెలవలకి ముందు, విజయనగరంలో అచ్చయిన మా స్కూలు సంచిక వచ్చింది. అందులో ఆయన ఇంగ్లీషులో రాసిన రెండు పేజీలున్నాయి. ఒక శనివారం ఆ సంచికని రెండు చేతులతో తెచ్చి తాతయ్యకిచ్చారు. “అచ్చులో నా పేరు సూసుకోడం ఇదే మొదలండి. మీరు బాగుందంటే ఇంకా రాస్తాను, లేదంటే ఇక్కడితో ఆపేస్తాను,” అన్నారు. మర్నాడు సాయంత్రం వస్తానని చెప్పి వెళ్లారు.

ఆదివారం పొద్దున్న తాతయ్య పెసర చేను చూడ్డానికి పోయారు. నేను ఆ సంచిక అందుకున్నాను. ఇది చేతులు మారే పేపరు కాదు కదా, మనింటికి ఇచ్చిందే కదా అనుకుని, గుండుసూది వదిలేసి ఎర్ర సిరా కలం తీశాను. జరిగిపోయిన సంగతి రాస్తూ రాస్తూ ఆయన మధ్యలో వర్తమానంలోకి జారిపోయేవారు. మళ్లీ వెనక్కి వచ్చేవారు. ఒక్కొక్క దాని చుట్టూ గుండ్రంగా సున్నా చుట్టాను. పదకొండు. నా జీవితంలో అంత పెద్ద వేట అంతకు ముందు దొరకలేదు.

తాతయ్య వచ్చి చూసి నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ముఖం మాత్రం చిన్నబోయింది. డబ్బా తెచ్చి పదకొండు జీడిపప్పులు నా చేతిలో పెట్టారు. “అన్నీ సరిగ్గానే పట్టేవమ్మా. మరి ఆయన ఏటి రాసేరు?” అని అడిగారు. వాళ్లమ్మ గురించి అన్నాను. “అమ్మ గురించి ఏటి?” అన్నారు తాతయ్య. నాకు ఒక్క ముక్క గుర్తు లేదు.

పెరట్లో అమ్మమ్మ చింతపండు గింజ తీస్తోంది. ఆవిడకి ఇంగ్లీషు కాదు సరికదా, తెలుగు అక్షరం కూడా రాదు. నన్ను ఆవిడ పక్కన కూర్చోబెట్టి, ఆ రెండు పేజీలూ తెలుగులో చెప్పమన్నారు తాతయ్య. ఇంక తప్పక మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టాను.

మాస్టారి తల్లికి చదువు రాదు. అయినా రోజూ సాయంత్రం కొడుకుని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇంగ్లీషు పాఠం పైకి చదివించుకునేదట. ఒకరోజు ఆటకి పోవాలన్న తొందరలో ఆయన ముందురోజు పాఠమే మళ్లీ చదివేశారు. “ఇది నిన్నటిదిరా, ఇయాల్టిది సదువు,” అని పట్టేసుకుందట ఆవిడ. అర్థం తెలియకపోయినా ఆ చప్పుడు గుర్తుపెట్టుకునేది. మా అమ్మమ్మ పకపకా నవ్వి, “గట్టిదేనే ఆ మనిషి, తర్వాత ఏటయినాదో సెప్పే గుంటా,” అంది. తర్వాత ఆయన విజయనగరం కాలేజీలో చదువుతుండగా తల్లికి జబ్బు చేసింది. ఆయన వచ్చేసరికే మాట పడిపోయింది. ఏం మాట్లాడాలో తెలియక, మంచం పక్కన కూర్చుని తన కాలేజీ పుస్తకం పైకి చదివారు. ఆవిడ చెయ్యి చాచి పేజీ మీద పెట్టింది. ఆ చెయ్యి తీయబుద్ధి కాక, చదివిందే మళ్లీ మళ్లీ చదివారు. ఆవేళ అమ్మ నన్ను పట్టుకోలేదు అని రాసుకున్నారు.

అమ్మమ్మ చింతపండు చేతులు కళ్లకి తగలకుండా మోచేత్తో తుడుచుకుంది. ఆ చివరి మాటల చుట్టూ నేను చుట్టిన సున్నాలు మూడు ఉన్నాయి. బ్లేడుతో గీకేద్దామా అని తాతయ్యని అడిగాను. కాగితం చిరుగుతాది, నువ్వే ఆయనకియ్యి అన్నారు.

సాయంత్రం మాస్టారు వచ్చారు. తాతయ్య కావాలనే లోపల ఉండిపోయారు. నేను తల వంచుకుని సంచిక ఇచ్చాను. ఆయన తెరిచి చూసి, మెల్లగా మూసేశారు. “ఇన్ని ఉన్నాయా. ఇంక రాయనులే,” అన్నారు. నాకు ఏడుపు వచ్చేసింది. మా అమ్మమ్మకి చదివి చెప్పాను సార్, ఏడ్చింది అన్నాను. ఈలోగా అమ్మమ్మే గుమ్మంలోకి వచ్చి, “మీ యమ్మ పేరేటి బాబూ?” అని అడిగింది. ఆ రెండు పేజీల్లో ఆవిడ పేరు ఎక్కడా లేదు. అది నేను గమనించనే లేదు. ఆయన పేరు చెప్పి, అరుగు మీద కూలబడ్డారు. అమ్మమ్మ పక్కన చతికిలబడి వాళ్లమ్మ గురించి ఒక్కొక్కటీ అడుగుతూనే ఉంది. దీపాలు పెట్టేవేళ దాకా ఆయన చెబుతూనే ఉన్నారు.

వెళ్లేముందు నన్ను పిలిచి ఆ పేజీలు తెరిచారు. ప్రతి సున్నా దగ్గరా ఏం తప్పో అడిగి, పక్కన సరైన మాట రాసుకున్నారు. ఆఖరి మూడింటి దగ్గరికి వచ్చేసరికి నేను సంచిక మూసేయబోయాను. “పర్లేదమ్మా, సెప్పు. మా యమ్మ గురించి తప్పుగా ఉండకూడదు,” అన్నారు. చెప్పాను. మరుసటి ఏడాది ఆయన మళ్లీ రాశారు. అచ్చుకి పంపేముందు కాగితాలు పట్టుకొచ్చి, మొదట అమ్మమ్మకి తెలుగులో వినిపించి, తర్వాత నా చేతికి ఇచ్చారు.

పెద్దయ్యాక నేనూ ఇంగ్లీషు టీచర్నే అయ్యాను. ఏ పిల్ల ఏం రాసి తెచ్చినా, ముందు అది మన మాటల్లో చెప్పించుకుని గానీ కలం తీసేదాన్ని కాదు. పేపర్లో తప్పులు ఇప్పటికీ నా కళ్లకి ఇట్టే దొరికిపోతాయి, ఆ జబ్బు పోయేది కాదు. మాస్టారి ఆ వాక్యం మాత్రం నాకు తెలుగులోనే మిగిలింది. అమ్మ చెయ్యి పేజీ మీద ఉంది, చదివిందే మళ్లీ చదివాను, ఆవేళ అమ్మ నన్ను పట్టుకోలేదు. అది ఇంగ్లీషులో ఎలా ఉండేదో, నేను పట్టిన ఆ మూడు తప్పులూ ఏమిటో, ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.