అత్త కుడిచెయ్యి

నాన్న ఫోన్ చేసేసరికి నేను చీపురుపల్లి స్కూల్లో పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. "అత్త పోయిందే" అన్నాడు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "అయ్యో" కాదు, "ఎలా" కూడా కాదు. "ఎవరు?" అన్నాను. నాన్నకి నా ప్రశ్న అర్థమయింది. "ఎవులూ కాదమ్మా, ఎవులూ రానేదు. అన్నం తింతా తింతా గుండాగిపోనాది. బేగి రా" అన్నాడు. నా గుండెల మీంచి ఏదో బరువు దిగింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. మంచాన పడకుండా, ఎవరి చేతిలోనూ పోకుండా పోవడం మా అత్త విషయంలో అంత పెద్ద సంగతి.

ఆమె మా నాన్న చెల్లెలు, నాకు మేనత్త. నౌపడలో ఉప్పుమడులకి దగ్గరగా ఒక పెంకుటింట్లో ఒక్కతే ఉండేది. ఊళ్ళో చాలామంది ఆమెకి కుడిచెయ్యి పడిపోయిందనుకునేవారు. విందుల్లో కూడా ఎడంచేత్తో, చెంచాతో తినేది మరి. నిజానికి ఆ చెయ్యి నిక్షేపంలా ఉంది. దాన్ని ఆమె ఎప్పుడూ ఖాళీగా ఉంచుకునేది. ఎందుకో మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు చెప్పినా ఆమెకి వచ్చే ముప్పేమీ లేదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మావయ్య ఉప్పుమడులు లీజుకి చేసేవాడు. లీజు తగువులో ఒక మధ్యాహ్నం ఆయన్ని మడి గట్టు మీదే నరికేశారు. క్యారేజీలో ఆయనకి అన్నం తీసుకెళ్తున్న అత్త అదంతా చూసింది. ముగ్గురు మనుషులు, ముగ్గురూ ఎరిగినవాళ్ళే. ఒకడైతే అత్తా మావయ్యల పెళ్ళిలో వడ్డన చేసినవాడు. చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు గానీ, పోలీసులు అడిగేసరికి అందరూ ఆ పూట ఊళ్ళోనే లేరట. అత్త ఒక్కతే పేర్లు చెప్పింది. ఆ ముగ్గురూ బెయిలు మీద బయటికి వచ్చాక, ఒకరోజు తెల్లవారేసరికి అత్త ఇంటి గోడకి రెండు పచ్చి వెదురుబొంగులు ఆనించి ఉన్నాయి. మాది చర్చి కుటుంబం, మేం పెట్టెలో పెడతాం తప్ప పాడె కట్టం. అయినా ఆ బొంగులు ఏం చెబుతున్నాయో మాకు బాగానే తెలిసింది.

అప్పుడు నాన్న పట్టుబట్టి ఆమె చేత లైసెన్సుకి పెట్టించాడు. చాలాకాలం తిరిగాక 2012లో ఇచ్చారు. ముప్ఫై రెండు బోరు రివాల్వరు. నాకు అప్పుడు టెక్కలిలో ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం, అత్తకి తోడుగా ఉండమని నన్ను ఆ ఇంటికి పంపారు. తోడు అన్నమాటే గానీ బల్లి పడితే మంచమెక్కేదాన్ని నేను. అత్త నన్ను చూసి, "ఈ కోడల్ని నాకు కాపలా ఎట్టేరా, నన్ను దీనికి కాపలా ఎట్టేరా?" అని నవ్వింది. పెట్టెలోంచి దాన్ని తీసినప్పుడు మాత్రం నవ్వలేదు. ఆమె దాన్ని ఏనాడూ పేరుపెట్టి పిలవలేదు. "అది" అనేది, అంతే.

నాన్న ఆర్మీలో చేసి వచ్చిన మనిషి. తూటాలు తీసేసి ఆమె చేత రోజూ సాధన చేయించేవాడు. "ఏలు బయటే ఉండాల. కాల్సీయాలని నిచ్చయించుకున్నాకే ఏలు లోపలికెల్లాల" అని ఒకటే పాట. అత్త చేతులు మొదట్లో ఎంత వణికేవంటే, ఖాళీదని తెలిసినా నేను వంటింట్లోకి పోయి నిలబడేదాన్ని. పెంకుల మీద పిల్లి నడిచినా మా ఇద్దరి మాటా ఆగిపోయేది. ఇంట్లో అది ఉంటే ధైర్యంగా ఉంటుందని అనుకునేవాళ్ళుంటారు. మా ఇంట్లో మట్టుకు అది వచ్చాక భయం రెండింతలయింది. బయటివాళ్ళ భయం ఒకటి, దాని భయం ఒకటి.

నౌపడ గాలి సంగతి తెలిసినవాళ్ళకి ఇంకోటి చెప్పక్కర్లేదు. కిటికీ చువ్వలు, కత్తిపీటలు, సైకిలు గొలుసులు, ఏదీ ఆ ఉప్పుగాలికి ఆగదు. తుప్పు పడుతుందేమోనని అత్త శ్రద్ధగా దానికి కొబ్బరినూనె పట్టించింది. కొన్నాళ్ళకి ఆ నూనె జిగురై, తూటాలు పెట్టే చక్రం బిగుసుకుపోయింది. నాన్న తలపట్టుకుని, "ఇది జడనుకున్నావేటే, కొబ్బరినూని రాస్తన్నావు?" అన్నాడు. ఆ రోజు ముగ్గురం పగలబడి నవ్వాం. నవ్వు ఆగాక అత్త మెల్లిగా, "ఈ వారంలో ఆళ్ళొచ్చుంటే?" అంది. ఇక మా ఇంట్లో కుట్టుమిషను నూనె సీసా ఎప్పుడూ నిండుకోలేదు.

దాన్ని మోయడమూ ఒక చదువే. మొదట కొన్న హేండ్‌బేగుకి జిప్పు ఉప్పుగాలికి పట్టేసింది. దాన్ని పారేసి గుడ్డ సంచి ఒకటి తనే కుట్టుకుంది. లోపల ఒక అర, ఆ అరలో అది తప్ప తలపిన్ను కూడా ఉండకూడదు. చిల్లర దూరినా ప్రమాదమే. సంచి ఎడమ భుజానికి ఉండాలి, కుడిచెయ్యి దానికి అందాలి. ఎవరింటికి వెళ్ళినా సంచి ఒళ్ళోనే. "ఇలాగియ్యమ్మా, లోపలెడతాను" అని ఎంత మర్యాదగా అడిగినా ఇచ్చేది కాదు. నాకు మాత్రం ఒకటే చెప్పింది. "ఒంటి మీదుండాల, నేదా తాళంలో ఉండాల. మూడో సోటు నేదు."

మా అత్త సహజంగా నోరుగల మనిషి. చేపల దగ్గర బేరమాడితే అమ్మే ఆమెకి కన్నీళ్ళు వచ్చేవి. అది సంచిలోకి వచ్చాక ఆ నోరు పడిపోయింది. ఒకసారి పలాస నుంచి పాసింజరులో వస్తుంటే ఒకాయన ఆమెని సీట్లోంచి ఇంచుమించు తోసేసి కూర్చున్నాడు, పైగా బూతు మాటన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అత్త లేచి, "కూసో బాబూ" అని తలుపు దగ్గరికి పోయి నిలబడింది. దిగాక నేను రుసరుసలాడితే, "సంచిలో అది ఉన్నన్నాల్లూ తగ్గాల్సింది మనవేనే. మాటకి మాట పెరిగితే సివరికి ఏటవుతాదో నాకు తెలుసు, ఆడికి తెల్దు" అంది. ఆ మాట విన్నప్పుడు నాకు నచ్చలేదు. ఇప్పుడు ఎవరితోనైనా గొడవ మొదలవుతుంటే గుర్తొస్తుంది, వచ్చి నోరు మూయిస్తుంది.

మరుసటి ఏడు వేసవిలో ఒక సాయంత్రం, ఇంకా వెలుగుంది. రైల్వే స్టేషన్ దగ్గర ముంజెలు కొనుక్కుని, తింటూ గట్టు దారిన ఇంటికి వస్తున్నాం. అటూ ఇటూ మడులు, మనిషన్నవాడు లేడు. వెనక మోటారుసైకిలు చప్పుడు. దాటిపోతుందనుకున్నాం, దాటలేదు. మా నడకకి సరిపడా నెమ్మదించింది. అత్త నన్ను ఎడంపక్కకి నెట్టి వెనక్కి తిరిగింది. ఆమె కుడిచేతిలో ముంజె ఉంది. పారేసింది గానీ చెయ్యంతా జారుడు నీళ్ళు. చీరకి తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. అప్పటికి బండి ఆగింది. మొహానికి తువ్వాలు చుట్టుకున్న మనిషి దిగి, తువ్వాలు విప్పాడు. ముగ్గురిలో ఒకడు, ఆ పెళ్ళిలో వడ్డించినవాడే.

"అక్కా, నీతో మాటాడాల" అన్నాడు.

అత్త చెయ్యి సంచిలో ఉంది. "అక్కడే నిలబడి సెప్పు."

"సాచ్చికం ఒగ్గీ అక్కా. నాకు పిల్లలున్నారు. నీకూ ఈ గుంట ఉన్నాది గదా" అని నా వైపు చూశాడు. ఆ చూపు బతిమాలుతోందో బెదిరిస్తోందో నాకు ఈ రోజుకీ తెలియదు. మాట్లాడుతూనే చొక్కా కిందకి చెయ్యి పెట్టాడు. పెట్టి, ఇంకో అడుగు వేశాడు.

"ఆ సెయ్యి తియ్యకు. అడుగెయ్యకు" అంది అత్త. అరవలేదు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. వాడు ఆగిపోయాడు. సంచిలో ఏముందో వాడికి తెలిసిందో లేదో గానీ, కాసేపు మా ముగ్గురిలో ఎవరమూ కదల్లేదు. తర్వాత వాడు చేతిని మెల్లిగా బయటికి తీశాడు. అందులో ఉన్నది సెల్‌ఫోను. ఎవరితోనో మాట్లాడించాలని తెచ్చాడట. "కోర్టులో మాటాడతాను" అంది అత్త. వాడు బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి తలుపు గడియ వేశాను. అత్త చెయ్యి ఇంకా సంచిలోనే ఉంది. "రావట్లేదే" అంది. వేళ్ళు బిగుసుకుపోయాయి. నేను, బల్లికి భయపడేదాన్ని, ఆ సంచిలో చెయ్యి పెట్టి ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాను. చూపుడువేలు నాన్న నేర్పినట్టు బయటే, చువ్వలా నిటారుగా ఉంది. అది తాళంలో పెట్టాక అత్త పెరట్లోకి పోయి తిన్న ముంజెలన్నీ కక్కుకుంది. గోడకి చేరగిలబడి, "ఇంకో అడుగేస్తే కాల్సీదాన్ని. ఫోన్ పట్టుకున్న మనిషిని కాల్సీదాన్నే కోడలా. ఆడ్ని సూసి కాదు, నన్ను సూసి నాకే బయమేసింది" అంది. ఆమె ఏడవడం నేను అప్పుడే చూశాను. మావయ్య పోయిన రోజున కూడా జనంలో ఏడవలేదు.

తడి చెయ్యి ఆమె మనసులో నాటుకుపోయింది. ఇక ఆ చేత్తో ఏదీ పట్టుకోలేదు. గొడుగు, కూరల సంచి, బైబిలు, అన్నీ ఎడంచేతికే. కుడిచెయ్యి అన్నంలో ఉన్నంతసేపూ మనిషి చెయ్యి లేనివాడి కిందే లెక్క అని ఆమెకి అనిపించిందట. అందుకే చెంచా. ఆదివారాలు, కోర్టు రోజులు అది ఇంట్లో తాళంలోనే ఉండాలి, చర్చికీ కోర్టుకీ తీసుకెళ్ళకూడదని పోలీసు స్టేషన్లో ముందే చెప్పారు. అయినా అలవాటు మారలేదు. చర్చిలో క్రిస్మస్ ప్రేమవిందులో ఒక ముసలమ్మ అందరిలో, "ఓలమ్మా, ఎడం సేత్తో తింతావేటే, సుబ్బరంగా?" అని చీవాట్లేసింది. అత్త, "సెయ్యి పట్టేసింది పిన్నీ" అంది. ఆ వారంలో మా ఇంటికి వచ్చిన నొప్పి తైలాలకి అంతు లేదు. సంచిలో అది ఉందని పదిమందికీ తెలిస్తే ఇక దాచుకున్నట్టు కాదని, అన్ని సీసాలూ మర్యాదగా పుచ్చుకుంది. ప్రార్థనలో అందరం కళ్ళు మూసుకుంటే ఆమె తెరుచుకునే ఉండేది. దేవుడు ఎలాగూ చూస్తాడు, గుమ్మం ఎవరు చూస్తారు అనేది.

2014లో ఎన్నికలొచ్చాయి. ఎన్నికలొస్తే లైసెన్సున్నవాళ్ళంతా ఆయుధాలు స్టేషన్లో అప్పగించాలి. ఊరంతా జెండాలు, జీపులు, తాగినవాళ్ళు తిరిగే ఆ రోజుల్లోనే ఆమె దగ్గర అది లేదు. కోర్టులో బోనెక్కి పేర్లు చెప్పిన రోజునా లేదు. అవసరమైన ప్రతిసారీ అది ఇంకెక్కడో ఉండేది. ఎన్నికలు అయ్యేదాకా మా నాన్న ఇంట్లో, వీధిలోకి రాకుండా, గోడకి వీపు పెట్టి గుమ్మం చూస్తూ కూర్చుంది. తిరిగి ఇస్తారని తెలిసిన పొద్దున అందరికంటే ముందు స్టేషన్ మెట్ల మీద ఉంది.

కేసులో ఇద్దరికి శిక్ష పడింది. మూడోవాడు, ఆ ఫోనువాడు, సాక్ష్యం చాలక బయటపడ్డాడు. పక్క ఊళ్ళోనే ఉన్నాడు. కాబట్టి భయం తీరలేదు. నా ఉద్యోగం చీపురుపల్లికి మారి నేను వచ్చేశాను, ఆమె చెంచా, సంచీ అలాగే ఉన్నాయి.

ఈ ఏడు మళ్ళీ ఎన్నికలు, మళ్ళీ అప్పగించింది. ఫలితాలు వచ్చేశాయి, వచ్చి తీసుకెళ్ళమని స్టేషన్ నుంచి కబురూ వచ్చింది. ఆమె వెళ్ళలేదు. నాకు భయమేసి రోజు విడిచి రోజు ఫోన్ చేశాను. "తెచ్చుకుందాంలే. ఉప్పుగాలికి తుప్పట్టకుండా ఆళ్ళే సూసుకుంతారు" అని నవ్వింది. "వాడు పక్క ఊళ్ళోనే ఉన్నాడత్తా" అన్నాను. "ఉన్నాడు. మొన్న సంతలో కనబడ్డాడు. ముసలోడయిపోనాడే" అంది. ధైర్యం వచ్చిందో, విసుగొచ్చిందో, మోసి మోసి భుజం అలిసిపోయిందో, నేను అడగలేదు. అడిగుంటే చెప్పేదేమో.

నౌపడలో రైలు దిగేసరికి సాయంత్రమయింది. అత్తని చాప మీద పడుకోబెట్టారు. తలుపు బార్లా తీసి ఉందట నాన్న వచ్చేసరికి. గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని తింటోందట. పీట ఇంకా అలాగే ఉంది. చెంచా వంటింట్లో గూట్లో, పొడిగా ఉంది. ఆడవాళ్ళు స్నానానికి నీళ్ళు పెట్టుకుని నా కోసం ఆగారు. "ఆ సెయ్యి మట్టుకు ఎవుల్నీ ముట్టనివ్వనేదు. నువ్వు సూడాలని" అన్నాడు నాన్న.

దుప్పటి తీశాను. కుడిచేతి వేళ్ళకి పప్పు ఎండి ఉంది, రెండు మెతుకులు అంటుకుని ఉన్నాయి. ఒకప్పుడు నేను ఒక్కొక్కటీ విడదీసిన వేళ్ళు. ఇప్పుడు బిగువు లేదు, చూపుడువేలు నిటారుగా లేదు. అయిదూ దగ్గరికి చేరి, ముద్ద కలిపి నోటి దాకా తీసుకెళ్తున్నట్టు వంగి ఉన్నాయి. చెంబుతో నీళ్ళు పోసి ఆ చెయ్యి నేనే కడిగాను.