వెనక దర్వాజా కోవర్టులు

బోనాల ఆదివారం మధ్యాహ్నం పన్నెండూ నలభైకి మా పెద్దబాపు స్కూటర్ తీశారు. ఆ రోజుల్లో మా ఊళ్లో స్కూటర్ తీసిన మనిషి ఎక్కడికి పోతున్నాడో చెప్పి పోవాలి. ఎన్నికల ముందైతే దారిలో ఎవరి ఇంటి ముందు ఆగాడో కూడా చెప్పాలి. పెద్దబాపు సర్పంచ్‌గా నిలబడాలనుకుంటున్నారు. అవతలి పార్టీ నుంచి నిలబడేది పెద్దమ్మ సొంత తమ్ముడు, అదే ఊరు. వాళ్ల అరుగు మీద కూర్చున్నవాడు, వాళ్ల చాయ్ తాగినవాడు, చివరికి వాళ్ల బర్రెకు దారి ఇచ్చినవాడు కూడా పెద్దబాపు దృష్టిలో కోవర్టు, అంటే మనలో ఉండి వాళ్లకు పనిచేసేవాడు. (డిగ్రీ చదువుతూ లావు పుస్తకాలు తిరగేసే నేను ఆ మాటకు సిద్ధాంతపు బలం సమకూర్చేవాణ్ణి. ఎవరూ అడగలేదు.) రెండిళ్లకూ పోస్తున్నాడని పాలాయన్ను కూడా మానిపించి, ఇంటిల్లిపాదికీ నల్ల చాయ్ తాగించారు.

అయితే బోనాలకు ఆడబిడ్డను, అల్లుణ్ణి పిలిచి అన్నం పెట్టడం పెద్దమ్మ పుట్టింటి ఆనవాయితీ. పెద్దబాపు రాకపోతే తానూ ముద్ద ముట్టనని చెప్పి పెద్దమ్మ పొద్దున్నే అక్కడికి వెళ్లిపోయింది. మర్నాడే మా పార్టీ వాళ్లంతా కూర్చుని అభ్యర్థిని తేల్చాలి. ఆ ఇంట్లో తిన్నట్టు తెలిస్తే పెద్దబాపు ఆశ అక్కడితో సరి. అందుకని చేవెళ్లలో పని ఉందని అందరికీ వినబడేలా చెప్పి, నన్ను వెనక ఎక్కించుకుని రోడ్డెక్కి, కొంత దూరం పోయాక టమాట చేన్ల మధ్య బండ్లబాట పట్టి వెనక్కి తిరిగి, బామ్మర్ది ఇంటి వెనక దర్వాజా ముందు ఆగారు. అక్కడ అప్పటికే చాలా బండ్లున్నాయి. అన్నీ తెలిసిన బండ్లే.

లోపల మా పార్టీ మొత్తం బంతిలో కూర్చుని తింటోంది. (కోరం ఉంది. మీటింగ్ అక్కడే పెట్టుకోవచ్చు.) మా వైపు మైకు పట్టి, కోవర్టులతో జాగ్రత్త అని ఊరంతా చాటే మైకన్న చేతిలో మూలుగ బొక్క ఉంది.

"నువ్వు మొయినాబాద్ దవాఖానకు పోతున్ననంటివి గదనే," అన్నారు పెద్దబాపు.

"నువ్వు చేవెళ్లకు పోతున్ననంటివి గద పటేలా," అన్నాడు మైకన్న, బొక్క కింద పెట్టకుండా.

తలెత్తినవాడు లేడు. నీళ్ల చెంబుతో నిలబడ్డ బామ్మర్ది నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగాడు. పెద్దమ్మ గరిటెతో వచ్చి అందరినీ ఒకసారి చూసింది.

"కోవర్టులందరు ఒక్కదిక్కు కూసోండ్రి. వడ్డించుడు అల్కగైతది."

బంతిలో మొదట నవ్వింది పెద్దబాపే. నవ్వుతూనే మైకన్న పక్కన చోటు చేసుకుని కూర్చున్నారు.

మర్నాటి మీటింగ్‌లో ఆ భోజనం మాట ఎవరి నోటా రాలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని పెద్దబాపు పేరే ఖాయం చేశారు. ఎన్నికల్లో ఓడిపోయారనుకోండి, అది వేరే సంగతి. అప్పటినుంచి ఊరంతా ఆయన్ను కోవర్టు పటేల్ అనే పిలిచింది. ఫోనెత్తితే ఆయనే "కోవర్టును మాట్లాడుతున్న, చెప్పు" అనేవారు. ఆ రోజు బంతిలో అందరికంటే ఎక్కువ తిన్నది సిద్ధాంతాలు చెప్పే పిల్లగాడేనని నా పిల్లలకు కూడా చెప్పారు. నిజమే, నేను కాదనలేదు.

పోయిన ఎండాకాలంలో ఆయన పోయారు. మా ఊళ్లో పార్టీలున్నాయి, తిట్టుకోవడాలూ ఉన్నాయి. కోవర్టు అని మాత్రం ఇప్పుడు ఎవరూ ఎవరినీ అనరు.