మహిషాసురుడికి సలహాలు కోరడమైనది

సలహా అడగడం కన్నా కొరివితో తల గోక్కోవడం మేలు. కొరివి జుట్టుతో సరిపెట్టుకుంటుంది. నేను అడిగిన సలహా నా కళనీ, మా నాన్న పరువునీ, మా పేట తెలుగు సంఘం వారి దసరానీ ఒకే సాయంత్రం తగలబెట్టింది. ఎలాగో చెబుతాను. నవ్వొస్తే నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా పేట పర్సుడీహ్ అంతా నవ్వేసింది, మీరొక్కరే మిగిలారు.

అప్పటికి నేను కాలేజీ ముగించి, ఇంట్లో కూర్చుని, కళాకారిణినని చెప్పుకుంటున్నాను. నా ప్రత్యేకత రూపాంతర చిత్రాలు. అంటే మనిషి మెల్లమెల్లగా మృగంగా మారడం, లేదా మృగమే మనిషి కావడం. గుమస్తా కాకి అయిపోతున్నట్టు, ట్యూషన్ మాస్టారు తొండ అయిపోతున్నట్టు టాబ్లెట్‌లో గీసి ఆన్‌లైన్‌లో పెట్టేదాన్ని. మెచ్చుకుంటూ చప్పట్ల బొమ్మలొచ్చేవి. "లోపాలు చెప్పండి, నేర్చుకుంటాను" అని బతిమాలితే ఇంకో చప్పట్ల బొమ్మ వచ్చేది. మంచి విమర్శకులు దొరికితే చాలు, నన్ను పట్టేవాళ్ళుండరని నా గట్టి నమ్మకం. నమ్మకాలకేం, ఊరికే వస్తాయి.

మా నాన్న ఇక్కడి ఉక్కు కంపెనీలో క్రేను నడిపి రిటైరయ్యారు. నా కళ మీద ఆయనకు ఒకటే ప్రశ్న: "మనిసి మనిసిలాగుంటే నీకేటే నొప్పి?" అయినా కన్నతండ్రి కదా, సంఘం వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి దసరా పందిరి గేటుకి బొమ్మలు వేసే పని నాకిప్పించారు. ఎడమవైపు దున్నపోతు. అది అంచెలంచెలుగా మహిషాసురుడిగా మారుతుంది. చివర అమ్మవారు శూలంతో ఉంటారు. నా కోసమే పుట్టిన పని.

"సూడమ్మా," అన్నారు నాన్న, "ఇది కుదిరిందా, నీ బొమ్మలు నువ్వేసుకో, నానేటీ అనను. కుదర్లేదా, పండగెళ్ళగానే బిష్టుపూర్ బజార్లో మీ మావయ్య జిరాక్సు కొట్టులో కూకోవాల."

"ఠీక్ హై పాపా, డన్!" అన్నాను. హిందీ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళం కదా, మా ఇళ్ళలో పెద్దలు తెలుగులో అడిగితే పిల్లలం హిందీలో జవాబిస్తాం. తర్వాత ఎవరు ఏం మాటిచ్చారో వాదించుకోవడానికి వీలుగా ఉంటుంది.

బొమ్మ గేటు మీద నిలవాలంటే సంఘం అధ్యక్షులు సింహాచలం తాతయ్య ఒప్పుకోవాలి. సంఘంలో మైకు ఆయనదే, ప్రసాదం పళ్ళెం ఆయనదే. "సిన్న ఫోన్లో దేవతల్ని సూడనమ్మా, పరదా తీసినప్పుడు గుడ్డ మీదే సూత్తాను" అనేశారు. సరే, ఈలోగా మిగతా పెద్దల అభిప్రాయం తెలుసుకుందామని ముసాయిదా బొమ్మని సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కింద, పోయేకాలం వచ్చి, ఇలా రాశాను: "బొమ్మ మెరుగుపడడానికి మీ సలహాలు నిర్మొహమాటంగా తెలపండి."

ఆ గ్రూపులో ఉన్నది ఎవరనుకున్నారు? కంపెనీలో రిటైరైనవాళ్ళు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఫ్యాక్టరీలో గోడకి తగిలించిన సలహాల పెట్టెలో చీటీలు వేస్తూ వచ్చినవాళ్ళు. రిటైరవగానే పెట్టె అక్కడే ఉండిపోయింది, సలహాలు మాత్రం వీళ్ళతో ఇంటికొచ్చేశాయి. అలాంటివాళ్ళ ముందు నేను మూత తెరిచిన పెట్టెలా నిలబడ్డాను.

మొదట అప్పల్రాజు బాబాయి స్కూటరేసుకుని ఇంటికే వచ్చేశాడు. ఆయన సేఫ్టీ డిపార్టుమెంటులో పనిచేశాడు.

"ఏటే గుంటా, రాచ్చసుడి కాళ్ళకి జోళ్ళేవి?"

"బాబాయ్, వో రాక్షస్ హై!"

"రాచ్చసుడైతే మేకు గుచ్చుకోదేటి? సేఫ్టీ బూట్లెయ్యి. ఆ కొమ్ములేటి, అంత సూదిగున్నాయి? గేటు కింద జనం నడుత్తారు. ఎవులికన్నా తగిల్తే?"

"అది బొమ్మ బాబాయ్!"

"యాక్సిడెంటు అయ్యేక అందరూ అదే అంటారు."

బూట్లు వేశాను. కొమ్ములు పూర్తిగా తీసేశాను. విమర్శ తట్టుకోలేనివాళ్ళు కళాకారులే కాదు మరి.

మర్నాడు రమణమ్మ పిన్ని ఫోన్ చేసింది. "కొమ్ములు తీసీసేవు, బాగుంది. మరి రాచ్చసుడని మొహంలో తెలియాల కదేటి? కళ్ళు అంత అందంగా ఎందుకే? సిన్నవి పెట్టు. మనం రెండో లడ్డూ తీసుకుంటన్నామేటని సూసినట్టు సూడాల. మీసానికి నల్లరంగు దట్టంగా పుయ్యి, బూటు పాలీసులాగ. ముక్కు పక్కన ఓ పులిపిరి కూడా పెట్టు, దిష్టి తగలకుండా."

"రాక్షసుడికి దిష్టేంటి పిన్నీ?"

"వాడికి కాదే తల్లీ, నీ బొమ్మకి."

అంత ప్రేమగా చెబితే కాదంటామా? పెట్టాను. ఆ తర్వాత గవర్రాజు మావయ్య వంతు. జిరాక్సు కొట్టు మావయ్య కాదు, పేటలో వరసకి మావయ్య. ప్రతి మీటింగులోనూ మైకు అడిగి, ఒక్కసారీ దొరకని మనిషి ఆయన.

"జుట్టు అంత ఒత్తుగా వద్దమ్మా. నడినెత్తి బోడి చేసీసి, ఈ చెవి మీది నాలుగెంటికలు ఆ చెవి దాకా దువ్వు. అదీ దుర్మార్గఁవంటే!"

"మామా, పురాణ్ మే ఐసా కహాఁ లిఖా హై?"

"పురాణాలు రాసినోళ్ళు మన మీటింగులకి రాలేదు కదమ్మా."

దువ్వాను. ఒకరు చెప్పిన కన్ను, ఇంకొకరు చెప్పిన నెత్తి, ఏ ముక్కకా ముక్క దిద్దుకుంటూ పోయాను. అమ్మవారి జోలికి ఒక్కరూ రాలేదు. అందరికీ రాక్షసుడి మీదే అభిప్రాయాలు. నాలుగడుగులు వెనక్కి వేసి మొత్తం మొహం ఒక్కసారి చూడాలని మాత్రం నాకు తోచలేదు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నాకైతే కోతి అయినా బాగుండేది.

పండగ సాయంత్రం అందరూ చేరాక గేటు మీది పరదా లాగారు. ఎడమపక్క నిగనిగలాడే దున్నపోతు. పక్కన అదే దున్నపోతు, వెనక కాళ్ళ మీద లేచి. ఆ పక్కన మూతి తగ్గి మీసం మొలిచి. చివర, అమ్మవారి శూలం కింద, కాళ్ళకి బూట్లతో, నెత్తి మీద నాలుగు వెంట్రుకలతో, అచ్చంగా సింహాచలం తాతయ్య.

డప్పులు ఆగిపోయాయి. నాన్న రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నారు. ఎవరూ పారిపోవడానికి కూడా ధైర్యం చేయడం లేదు. తాతయ్య చేతులు వెనక్కి కట్టుకుని, గేటు ముందుకొచ్చి, చివరి బొమ్మనే చాలాసేపు చూశారు.

"నువ్వేనేటే ఇది గీసింది?"

"నేనే తాతయ్యా."

"శభాష్!" అన్నారు. "సూడండర్రా, మొహం సూత్తేనే తెలిసిపోతంది, ఎదవ రాచ్చసుడని! ఆ కళ్ళు సూడు, ఎంత కుళ్ళు! ఆ మీసం సూడు, ఎంత పొగరు! కొమ్ములక్కర్లేదు, కోరలక్కర్లేదు. ఇంత పాపిష్టి మొహం ఎక్కడ దొరికిందే నీకు?"

అప్పల్రాజు బాబాయి తన చెప్పులకేసి చూసుకున్నాడు. గవర్రాజు మావయ్యకు పొలమారింది.

"ఒక్క గీత మార్సొద్దు! ఏటేటా ఇదే కట్టండి" అని తీర్పిచ్చేశారు తాతయ్య. నాన్న చేతులు నెత్తి మీంచి దిగాయి. ఆయన మొహంలో వెలుగు చూసి నాకు ఏడుపొచ్చింది. నెగ్గాను! జిరాక్సు కొట్టు తప్పింది, నేను కళాకారిణిని! ఆ పదవిలో నేను సుమారు ఒక గుటక మింగేంతసేపు ఉన్నాను.

ఎందుకంటే ఈలోగా తాతయ్య భార్య పైడమ్మ నాయనమ్మ కళ్ళజోడు తగిలించుకుని ముందుకొచ్చింది.

"ఎక్కడ దొరికిందంటారేటండీ? పెళ్ళయిన కాణ్ణుంచి తెల్లారి లేత్తే నాను సూత్తన్న మొహఁవే కదేటి!"

తాతయ్య చెయ్యి దానంతటదే మీసం మీదికి వెళ్ళింది. అక్కణ్ణించి పులిపిరికి, అక్కణ్ణించి నెత్తికి. అది నెత్తికి చేరేసరికి పందిరంతా విరగబడి నవ్వుతోంది. మర్నాటికి గేటు మీద దున్నపోతూ, అమ్మవారూ మిగిలారు. మధ్యలో ఏం జరిగిందో భక్తులే ఊహించుకున్నారు.

పండగెళ్ళగానే నాన్న టిఫిన్ డబ్బా చేతిలో పెట్టారు. నేను బిష్టుపూర్ ఆటో ఎక్కాను. జిరాక్సు కొట్టులో ఒక సుఖం ఉంది. ఉన్నది ఉన్నట్టు దింపడమే అక్కడ పని, పోలిక కుదిరిందని ఎవరూ కొట్లాటకు రారు.

అలా అనుకుంటుండగానే ఒకనాడు సింహాచలం తాతయ్య గుర్తింపు కార్డు పట్టుకుని వచ్చారు. నన్ను చూసి ముఖం చిట్లించారు. కాపీ తీసిచ్చాను. వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు.

"మొహం ఇలాగొచ్చిందేటే? కొంచెం దిద్దలేవేటి?"

వేడెక్కిన మిషను మీద కుడిచెయ్యి ఆనించి, అమ్మవారి సాక్షిగా అక్కడికక్కడే ప్రమాణం చేశాను: ప్రాణం పోయినా సరే, ఒకరి మాట విని ఇంకొకరి మొహం దిద్దను, దిద్దినా ఎలా ఉందని అడగను, అడిగినా జవాబు వినను. ఇంతవరకూ చదివారు కాబట్టి ఇది ఎలా ఉందో మీకూ ఒక అభిప్రాయం ఏర్పడే ఉంటుంది. దయచేసి మొహమాటపడండి.