మచ్చ ఉన్నవాళ్ళకే బంతి

నా చిన్నప్పుడు ధర్మవరంలో మా మగ్గాల వీధి పిల్లలకు సాయంత్రం అంటే కాలితో తన్ని ఆడే తోలు బంతి. పొద్దంతా మగ్గం దగ్గర పెద్దవాళ్ళకు సాయం కూర్చుని కాళ్ళు కొయ్యబారిపోయిన మమ్మల్ని, మా బడి డ్రిల్లు అయ్యవారు, ఆస్పత్రి కాంపౌండరు కలిసి రైలు కట్ట పక్కనున్న మైదానానికి తోలుకుపోయేవాళ్ళు. తలా కొంత వేసుకుని బంతి కొన్నదీ వాళ్ళే. ఊళ్ళో దానికి బంతి సంఘం అని పేరు. మా నాయన మాత్రం పనీపాటా లేనివాళ్ళ సంఘం అనేవాడు.

బంతి ఊరికే చేతికి వచ్చేది కాదు. ముందు గోళ్ళు చూపించాలి, కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి. తరువాత గోడ మీద సుద్దతో రాసిన మాటలు చదవాలి. ఆట అయ్యాక ఉడకబెట్టిన శెనక్కాయలు పెట్టేవాళ్ళు. బడి ముఖం చూడనివాళ్ళు కూడా ఆ బంతి మీది ఆశతో చదవడం నేర్చుకున్నారు. అయ్యవారి ఎత్తులన్నీ ఇలాంటివే. అవి ఎత్తులని మాకు తెలియదు. తెలిసినా, బంతి ముందు మాకు పౌరుషం ఎక్కడిది!

గోలు కాసేది మా ఎదురింటివాడు. తల్లీ తండ్రీ మశూచితో, మా మాటలో అమ్మవారు పోసి, పోయారు. అవ్వే పెంచింది. మగ్గం మీద దారంతో అటునుంచి దూసుకువచ్చే నాడెను అందుకునే చేతులు వాడివి. వాణ్ణి దాటి బంతి పోవడం అరుదు. గోలు దగ్గర నిలబడితే వాడి ముఖం వెలిగిపోయేది.

ఒక ఏడు మా వీధికి అమ్మవారి టీకాలు వేసేవాళ్ళు వచ్చారు. పిల్లలమంతా అటకల మీదా ధాన్యం బానల వెనకా దాక్కున్నాం. అప్పుడు అయ్యవారు కొత్త ఎత్తు వేశాడు. "చేతి మీద టీకా మచ్చ ఉన్నోళ్ళే మన టీము. అదే మన గుర్తు" అన్నాడు. మరునాడు మేమే తోసుకుంటూ టీకాలాయన ముందు నిలబడ్డాం. వాచిన చేతులు ఒకరికొకరం చూపించుకుని గొప్పలు పోయాం.

ఎదురింటి అవ్వ మాత్రం ఒప్పుకోలేదు. "నా కొడుకునీ కోడల్నీ తీసకపోయింది సాలదా? ఇప్పుడు వీన్ని పొడిపించి ఆ తల్లికి ఇంకా కోపం తెప్పియ్యాల్నా?" అని తలుపు గడియ వేసుకుంది. ఆ సాయంత్రం వాడు మచ్చ లేని చేత్తోనే మైదానానికి వచ్చాడు. అయ్యవారు భుజం మీద చెయ్యి వేసి, "పోయి ఏయించుకోని రాప్పా, రేపట్నించి ఆడుదువు" అని పంపించేశాడు. వాడు ఇంట్లో ఏడ్చి గోల చేస్తే అవ్వ కరుగుతుందని ఆయన లెక్క.

వాడు ఏడ్చాడు. అవ్వ కరగలేదు. కొన్నాళ్ళు కట్ట మీద కూర్చుని మా ఆట చూశాడు. కాంపౌండరు జాలిపడి, పోనీ రానిద్దామన్నాడు. ఒక్కడికి వదిలితే నియమం చెడిపోతుందని అయ్యవారు వినలేదు. అప్పటికి మా అందరికీ మచ్చలు పడ్డాయి. ఇంక చెడిపోవడానికి ఎవరున్నారో ఎవరూ ఆలోచించలేదు. తరువాత వాడు కట్ట మీదికి రావడం కూడా మానేశాడు.

ఎండాకాలంలో మా వీధికి అమ్మవారు వచ్చింది. మా జట్టులో ఒక్కరికీ సోకలేదు. ఎదురింటి గుమ్మానికి మాత్రం వేపమండలు కట్టారు. వాడు బతికాడు కానీ రెండు కళ్ళూ పోయాయి.

వాడు లేచి కూర్చున్నాక అయ్యవారు వాళ్ళింటికి వచ్చాడు. మా అరుగు మీద నుంచి నాకంతా వినబడుతూనే ఉంది. అవ్వ తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. "అయ్యవారూ, పిల్లోన్ని నా మిందికి కొట్లాటకు పంపిస్తిరి. మీరే ఒక్కసారి వచ్చి ఈ అరుగు మింద కూచోని చెప్పింటే వినిందునేమో. ఈ పొద్దు వస్తిరి" అంది. అంత పెద్ద మనిషి తల వంచుకుని ఏడ్చాడు. లోపలినుంచి వాడు, "అయ్యవారూ, ఇప్పుడు గోలు కాడ ఎవరుండారు?" అని అడిగాడు. నాకు దుఃఖం ఆగక ఇంట్లోకి పరుగెత్తాను.

ఆ మరుసటి ఏడు టీకాలాయనతో పాటు అయ్యవారు కూడా గడప గడపకూ తిరిగాడు. మచ్చ లేదని ఎవరినీ మళ్ళీ ఆటనుంచి పంపలేదు. ఆయన మంచివాడు. ఇప్పటికీ ఆయన మీద నాకు కోపం రాదు, అయినా ఆ సంగతి మాత్రం మింగుడుపడదు.

పెద్దయ్యాక నేను ఆరోగ్య శాఖలో చేరి పెనుకొండ, హిందూపురం పల్లెల్లో టీకాలు వేశాను. వద్దని తలుపు వేసుకున్న ఇల్లు ఎదురైతే తోటివాళ్ళు ముందుకు పోయేవాళ్ళు. నేను మంచినీళ్ళు అడిగి ఆ అరుగు మీదే కూర్చునేవాణ్ణి. పంటల గురించీ పశువుల గురించీ మాట్లాడుతూ పొద్దు పోయేదాకా ఉండేవాణ్ణి. ఎక్కువమంది చివరికి ఒప్పుకునేవాళ్ళు. ఏ అవ్వ అయినా మనవణ్ణి తెచ్చి నా ముందు నిలబెడితే, సంతోషం కన్నా ముందు గుండె కలుక్కుమనేది. మా ఎదురింటి అవ్వ కూడా వినేదే.